నేను చదవని అయిదు అంకెలు

"ఈ కాగితంలో అయిదు చోట్ల అంకెలుండాయవ్వా. మొన్న నువ్వు చదివినదాంట్లో ఒక్కటి గూడా రాలేదు."

"ఉత్తరమన్నాక తేదీ ఉండదా ఏమి?"

"పైన తేదీని వదిలేసే చెప్తా ఉండా. 17 ఉంది. దాని పక్కన 10-30. కింద 8, ఆ కింద 2. అడుగున 3. ఇవన్నీ యాడికి పోయినాయి?"

"అంకెలు చూసి ఉత్తరం చదివేస్తావా నువ్వు? అ ఆలు రావు నీకు."

"రావు గాబట్టే గదా నువ్వీ పని చేసినావు."

పదిహేనో తేదీ మధ్యాహ్నం మా ఇంటి వసారాలో నా మనవరాలికీ నాకూ జరిగిన మాటలివి. అది నా కొడుకు కూతురు. రోజూ బస్సులో ధర్మపురికి పోయివస్తూ లెక్కల్లో డిగ్రీ ముగించింది. పై చదువుకు రెండు యూనివర్సిటీలకు రాసుకుంది, ఒకటి మద్రాసులో, ఇంకొకటి తిరుపతిలో. రెండు చోట్లా లెక్కల ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. కానీ కాలేజీవాళ్ళిచ్చిన టీసీ ఒక్కటే. దాన్ని ఎక్కడ చేతికిస్తే అక్కడే చదువు, రెండోది పోయినట్టే. ఆ టీసీ, మార్కుల కాగితాలు నా ఇనుపపెట్టెలో ఉన్నాయి. తాళంచెవి నా మొలలో ఉంది.

దాని చేతిలో ఉన్నది తిరుపతి నుంచి నా తమ్ముడు రాసిన ఉత్తరం. తిరుపతి దరఖాస్తు తెప్పించిందీ, నింపిన దాన్ని ఆఫీసులో ఇచ్చిందీ వాడే. మా పల్లెకు ఉత్తరాలు సరిగా రావని దరఖాస్తులో చిరునామా కూడా తనదే రాయించాడు. అందుకని యూనివర్సిటీ పిలుపు కార్డు వాడింటికి పోయింది. అందులో ఉన్న సంగతులన్నీ తెలుగులో నా కొడుక్కు రాసి పంపాడు. అక్కడే వాడు పొరపడ్డాడు.

మాది అరవనాట మొరప్పూరు దగ్గర పల్లె. నా అత్తగారివాళ్ళు ఎన్ని తరాలుగా ఇక్కడ గొర్రెలు కాస్తున్నారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో మాటంతా తెలుగు. బడి, బస్సు బోర్డు, రేషను కార్డు అన్నీ అరవం. నా కొడుక్కు గాని, కోడలికి గాని, మనవరాలికి గాని తెలుగులో ఒక్క అక్షరం రాదు. నేను పలమనేరు వైపు నుంచి కోడలిగా వచ్చినదాన్ని. అక్కడ వీధిబడిలో మూడో తరగతి దాకా కూర్చున్నాను. మా పల్లెకు తెలుగు ఉత్తరం వచ్చినా, పెళ్ళి పత్రిక వచ్చినా నా దగ్గరికే తెస్తారు. తిరుపతిలో కూర్చున్నవాడికి ఇది తట్టలేదు. తెలుగువాళ్ళింట్లో అందరూ తెలుగు చదువుతారనుకున్నాడు.

ఉత్తరం పన్నెండో తేదీన వచ్చింది. సాయంత్రం కొడుకూ కోడలూ మనవరాలూ చుట్టూ కూర్చున్నారు. నేను అద్దాలు పెట్టుకుని విప్పాను. నోరు పైవరుస చదువుతుంటే నా కళ్ళు కిందికి పరిగెత్తుతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. అడుగున ఉన్నది ముందే కనబడింది.

"మంచిచెడ్డలు నువ్వే ఆలోచించుకో. 3వ తరగతితో బడి మానేసిన మనిషి చేతిలో ఇంత పెద్ద నిర్ణయం పెట్టవద్దు. అమ్మాయికి లెక్కల్లో నా పోలిక వచ్చింది, సంతోషం."

మానేసిన మనిషి అని రాశాడు. నాయన మాన్పించిన మనిషి అని రాయలేదు.

నా గొంతు మారలేదు. అందరూ కులాసా అన్న దాకా ఉన్నదే చదివాను. ఆ తరువాత నాకు తోచింది చదివాను. ఆడపిల్లల హాస్టలు నిండిపోయిందనీ, తన ఇంట్లో కూడా ఇరుకుగా ఉందనీ, ఈ ఏటికి మద్రాసు చూసుకోమనీ చదివాను. అచ్చం వాడు రాసే తీరులోనే, మధ్య మధ్య ఆగి, అక్షరం పోల్చుకుంటున్నట్టు కాగితాన్ని వెలుగుకు పెట్టి చదివాను. నా కొడుకు మొహం మాడిపోయింది. కన్నతల్లికి తోడబుట్టినవాడు ఇంత మాట రాస్తాడా అన్నాడు. వాడి మీద వీడికి కోపం వచ్చినందుకు నాకు సంతోషమైంది. అది దాచిపెట్టి రాయడం నాకు చేతగాదు.

తమ్ముడికీ నాకూ ఉన్న పగ ఒక ఇత్తడి చెంబు గురించి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మందకు మనిషి కావలసి వచ్చి మా నాయన నన్ను బడి మాన్పించాడు. నాకంటే ఏడాది చిన్నవాడు నా తమ్ముడు. వాడు బడికి పోయాడు. వాడికి లెక్కలు రావు. సాయంత్రం నేను మంద తోలుకుని వచ్చేసరికి పలక పట్టుకుని దొడ్డి దగ్గర నిలబడి ఉండేవాడు. చేసి పెట్టేదాన్ని. భాగహారాలంటే వాడికి ఏడుపొచ్చేది, నాకు మాత్రం సరదాగా ఉండేది. మూడేళ్ళు అలా జరిగింది. లెక్కల్లో మొదటివాడని బడిలో వాడికి ఒక ఇత్తడి చెంబు బహుమానంగా ఇచ్చారు. పెద్ద చదువులకు పోయాక లెక్కలు వదిలేసి చరిత్ర తీసుకున్నాడు. తీసుకోక ఏం చేస్తాడు, పలక పట్టడానికి అక్కడ నేను లేను గదా. చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగమే చేసి రిటైరయ్యాడు.

ఆ చెంబు ఇప్పటికీ వాడింట్లో ముందుగదిలో అలమారలో ఉంది. వాడి కొడుకు పెళ్ళికి పోయినప్పుడు వియ్యాలవారికి దాన్ని చూపించి, చిన్నప్పుడు తను లెక్కల్లో ఎంత గట్టివాడో చెబుతున్నాడు. "ఆ లెక్కలు చేసింది నేను గదరా" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. వాడు నవ్వాడు. "మా అక్క తెలుగు ఇప్పుడు సగం అరవమై పోయింది, ఏం చెప్తుందో మాకే అర్థం కాదు" అన్నాడు. వియ్యాలవారూ నవ్వారు. మరుసటి బస్సుకు తిరిగి వచ్చేశాను. వాడి గడప మళ్ళీ తొక్కలేదు.

మనవరాలు తిరుపతి అన్నప్పటి నుంచీ నాకు కనబడేది ఆ అలమారే. అక్కడ చదివితే, అది తెచ్చుకునే ప్రతి మార్కూ వాడు తన పోలిక అని పదిమందికీ చెప్పుకుంటాడు. మద్రాసులో వాడి ముఖం ఎరిగినవాళ్ళు లేరు. ఒక చెంబు తీసుకున్నాడు చాలు, పిల్లను కూడా తీసుకుపోయి ఆ పక్కన పెట్టుకోనివ్వను అనుకున్నాను. అందుకే ఆ అబద్ధం.

పిల్ల మూడు రోజులు మద్రాసుకే సర్దుకుంది. మద్రాసు తక్కువదేమీ కాదు, పేరున్న చోటు. ఉత్తరం వాళ్ళు ఇంగ్లీషులో నేరుగా దానికే రాశారు, ఇరవయ్యో తేదీకి రమ్మన్నారు. బట్టలు ఉతికి ఆరేసుకుంది. అన్నం మాత్రం సగం సగం తినేది. నేను చూసీ చూడనట్టున్నాను.

దొరికిపోయింది నా పొదుపు వల్ల. మా ఇంట్లో కాగితం వృథా పోనివ్వను. మందుల చీటీ అయినా, పెళ్ళి పత్రిక అయినా ఒకవైపు ఖాళీగా ఉంటే వాకిలి పక్కన ఇనుప తీగకు గుచ్చిపెడతాను. మనవరాలు లెక్కలు చేసుకునేది వాటి వెనకవైపే. కొత్త నోటుబుక్కు తప్పుల్లేకుండా ఎక్కించుకోవడానికి మాత్రమే. తమ్ముడు పంపింది మందపాటి తెల్లకాగితం, ఒకవైపే రాశాడు. పొయ్యిలో వేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. వెనక అంత తెలుపు చూసి మనసొప్పలేదు. చదవగలిగేది నేనొక్కదాన్నే గదా అని తీగకు గుచ్చాను. మూడో రోజు పిల్ల లెక్క చేసుకోవడానికి దాన్నే తీసింది. చేసి, ఇవతలికి తిప్పింది. అక్షరాలు దానికి గీతలే. అంకెలు మాత్రం ఏ భాషలో ఉత్తరమైనా అంకెలే.

వసారాలో నా ఎదురుగా నిలబడి ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టింది.

"ఇదేంది?"

"తేదీ. పదిహేడు. ఆ పొద్దు టీసీతో ఆడ ఉండల్ల."

"10-30 టైమా?"

"ఊఁ."

"పోకపోతే?"

"సీటు వేరేవాళ్ళకు పోతుంది."

పదిహేడుకు మధ్యలో ఒక్క రోజే ఉంది. అయినా వేలు కిందికి జరిపింది. ఎనిమిది, హాస్టల్లో మిగిలిన పడకలు. రెండు, తేవలసిన ఫోటోలు. పిలుపు కార్డు తమ్ముడి దగ్గరే ఉందనీ, ఇంటికి వచ్చి తీసుకోవాలనీ రాసి ఉన్నది కూడా చెప్పాను. అన్నీ సరిగానే చెప్పాను. దొరికిపోయాక దాచడం నాకు చేతగాదు. చివరికి వేలు మూడు మీదికి వచ్చింది.

"ఇది?"

"అది నీకు సంబంధించింది కాదు."

"అయితే ఇదే. దీనికోసమే మిగతావన్నీ మింగినావు. చెప్పు."

చెప్పాను. ఒక్క మాట తగ్గించకుండా, నా పోలిక అన్నది కూడా చదివి వినిపించాను. అది వింది. నా పక్షం వస్తుందనుకున్నాను.

"ఆయన రాసింది తప్పా అవ్వా? నీ చేతిలో పెడితే ఏమైందో చూడు."

ఇన్నేళ్ళలో నన్ను అంత మాట అన్నవాళ్ళు లేరు. మా అత్త కూడా అనలేదు. చెయ్యి లేచింది. దించుకున్నాను. అది వెనక్కి జరగలేదు.

నేనే అడిగాను, మద్రాసులో లేనిది ఆ తిరుపతిలో ఏముందని. కొండ చూద్దామనా, లడ్డు తిందామనా అని కూడా అన్నాను. వెటకారానికే అన్నాను. అది వెటకారంగా తీసుకోలేదు, కింద కూర్చుంది.

"కణక్కులో, అదే లెక్కల చదువులో, అన్ని యూనివర్సిటీల్లో అన్నీ చెప్పరవ్వా. మద్రాసులో చెప్పేది వేరే. తిరుపతిలో ఒట్టి అంకెల గురించే ఒక పేపరుంది. మనం మందను చూసుకుంటామే, మూడేసి, అయిదేసి, ఏడేసి, అది."

దాని మాట నాకు వెంటనే నమ్మబుద్ధి కాలేదు. మా ఇళ్ళలో మందను ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. మొత్తం ఎన్నో నోటితో పలకరు. పలికితే తరుగుతాయని భయం. సాయంత్రం దొడ్డిలోకి మూడేసి తోలి చివర ఎన్ని మిగిలాయో చూస్తాం. పొద్దున అయిదేసి బయటికి వదిలి మిగిలింది చూస్తాం. నీళ్ళ తొట్టి దగ్గర ఏడేసి. ఆ మూడు మిగుళ్ళు సరిపోతే మంద సరిపోయినట్టే. వందకు లోపల మందైతే ఆ మూడు మిగుళ్ళను బట్టి మొత్తం కూడా మనసులో తెలిసిపోతుంది. నాకు పదేళ్ళకే తెలిసింది. ఎలా తెలుస్తుందో ఎవరూ చెప్పలేదు, గొర్రెల వెనక నడుస్తూ నేనే పట్టుకున్నాను. ఈ ఇంట్లో నా తరువాత అది పట్టుకున్నది ఈ పిల్ల ఒక్కతే. ఏడేళ్ళప్పుడు తొట్టి దగ్గర నిలబడి మొత్తం ఎన్నో పైకి అనేసింది, నేను చెంప మీద కొట్టాను.

"మిగుళ్ళు చెప్తే మొత్తం ఎట్ల తెలుస్తుందో, ఎప్పుడు తెలుస్తుందో, ఎప్పుడు తెలియదో, దానికి రుజువుందవ్వా. అట్లాంటివి ఇంకా శానా ఉండాయి. ఆ పేపరు కోసమే నేను తిరుపతి అనింది. మీ తమ్ముడి కోసం గాదు. ఆయన ఇంట్లో చెంబు నాకేమిటికి?"

అప్పుడు నేను అడిగిన మాట ఒక్కటే. "వాడికి ఈ లెక్క వస్తుందా?"

"ఎవరికి, తాతకా? ఆయన చరిత్ర గదా."

"వాడు ఒక్క పొద్దు కూడా మంద వెనక నడవలేదు" అన్నాను.

నేను మెత్తబడ్డానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. పిల్ల ఏడ్వలేదు, నేను కరగలేదు. కూర్చుని లెక్క చూసుకున్నాను. మద్రాసుకు పంపితే, మూడో తరగతి మనిషి పిల్ల చదువు చెడగొట్టిందని వాడు జీవితమంతా చెప్పుకుంటాడు, అది నిజం కూడా అవుతుంది. తిరుపతికి పంపితే పిల్ల చదివేది వాడి వీధి చివర, కాని చదివేది నా లెక్క. వాడు తన పోలిక అని నోరు తెరిస్తే నాలుగు గొర్రెలు నిలబెట్టి అడగవచ్చు. ఇన్నాళ్ళూ వాడి మీద కోపంతో నేను ఎంచుకున్నది తప్పు ఊరు. కోపం తప్పు కాదు.

"నువ్వు వాడింట్లో ఉండగూడదు. హాస్టల్లోనే" అన్నాను.

"నేనే ఉండను."

"పిలుపు కార్డు నువ్వే లోపలికి పోయి తీసుకో. నేను వీధిలో నిలబడతా. మంచినీళ్ళు గూడా ముట్టను."

"నీ ఇష్టం. నాదొక మాటుంది. ఇంక నాకొచ్చే ఉత్తరం నువ్వు విప్పగూడదు."

సరే అన్నాను. అలా ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. ఆ సాయంత్రం నా కొడుకు పొలం నుంచి రాగానే పిల్లే అంతా చెప్పింది, నా ఎదుటే. వాడు తల్లిని అనలేక ఎద్దులకు గడ్డి వేయడానికి పోయాడు. కోడలు మాత్రం పొయ్యి దగ్గర నుంచి, "అత్తకు చదువు తక్కువని ఎవరన్నా అంటే ఇంక నేను నమ్మను" అంది. అది మెచ్చుకోలో దెప్పో నేను అడగలేదు.

పొద్దు ఉండగానే నేను ఒక పోస్టుకార్డు రాశాను. కవరు కొనలేదు. కవరుకు ఖర్చెక్కువ, పైగా లోపల ఏముందో విప్పినవాడికి ఒక్కడికే తెలుస్తుంది. కార్డైతే వాడి వీధి పోస్టుమాను చదువుతాడు, వాడి కోడలు చదువుతుంది, వాకిట్లో ఎవరి చేతికి చిక్కితే వాళ్ళు చదువుతారు. అక్కడ అందరికీ తెలుగు వచ్చు. ఇలా రాశాను:

"తమ్ముడికి. నువ్వు నా కొడుక్కు రాసిన ఉత్తరం ఈ ఇంట్లో 3వ తరగతి మనిషి ఒక్కతే చదవగలదు. చదివింది. పిల్ల తిరుపతిలోనే చేరింది. హాస్టల్లో ఉంటుంది. దాని లెక్కలు నీ పోలిక కాదు. నీ పలక మీద లెక్కలు ఎవరు చేశారో నీకు తెలుసు, ఇక నీ ఇంట్లో అందరికీ తెలుస్తుంది. వందకు లోపలి మందలో మూడుకు రెండు, అయిదుకు ఒకటి, ఏడుకు రెండు మిగిలితే మొత్తం ఎంతో రాసి పంపు. రాకపోతే చెంబు పంపు."

చేరింది అని ముందే రాయడంలో పొరపాటు లేదు. కార్డు అందేసరికి మేము తిరుపతి పోయి, పని చూసుకుని, నేను తిరుగు రైలెక్కి ఉంటాను. వాడు దాన్ని చదివి బదులు చెప్పాలని తలెత్తితే ఎదుట నేనుండను. ఆ పెళ్ళిలో అందరూ నవ్వినప్పుడు నాకూ బదులు చెప్పే చోటు లేకపోయింది.

చదివి వినిపించమంటావా అని పిల్లను అడిగాను. అక్కర్లేదంది. కార్డు తీసుకుని అంకెలు మాత్రం చూసింది. రెండు, ఒకటి, రెండు నేను అక్షరాల్లో రాశాను గనుక దానికి కనబడింది 3 ఒక్కటే. దాని మీద వేలు పెట్టి, తిరిగి ఇచ్చేసింది.

మరునాడు పొద్దున ఇనుపపెట్టె తెరిచి టీసీ, మార్కుల కాగితాలు, రెండు ఫోటోలు దాని చేతిలో పెట్టాను. మొదటి బస్సుకు మొరప్పూరు పోయాం. స్టేషను బయట ఎర్రడబ్బాలో కార్డు వేశాను, పడిన చప్పుడు విన్నాక కదిలాను. జోలార్‌పేట వైపు పాసింజరు గంట ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన పిల్ల కూర్చుంది, ఎదురు బల్ల మీద నేను కూర్చున్నాను. తిరుపతిలో బోర్డులన్నీ తెలుగులో ఉంటాయి గదా, రైల్లో ఉన్నంతసేపు అ ఆలు చెప్పనా అని అడిగాను.

"నీ దగ్గర వద్దవ్వా. హాస్టల్లో నేర్చుకుంటాను" అంది.

రైలు కదిలింది. కాగితాల సంచి బరువుగా ఉందేమో ఇటివ్వమన్నాను. ఇవ్వలేదు. ఒడిలోనే పెట్టుకుని కూర్చుంది.